పెద్ద గురక ఉన్నవారికి పూర్తి మత్తు ఇవ్వవచ్చా? ఆ సంగతి డాక్టరుకు చెప్పాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారికి 58 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఉన్నాయి. వచ్చే నెల లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు చేసి, వాటి గుండా చేసే) ఆపరేషన్ చేస్తామని, పూర్తి మత్తు ఇస్తామని చెప్పారు. ఆయన గురక పక్క గదికి వినిపిస్తుంది. మధ్యలో కాసేపు ఊపిరి ఆగిపోయి, ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలవుతుందని అమ్మగారు అంటున్నారు. ఇది చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారని, డాక్టరు దగ్గర ఎత్తవద్దని నాన్నగారు పట్టుబడుతున్నారు. మత్తు ఇస్తే మళ్లీ లేస్తారా, గురక సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ సందేహం.

లేస్తారు. మత్తు ఇవ్వవచ్చు. కానీ గురక సంగతి దాచకండి. 20 ఏళ్లకు పైగా మత్తు డాక్టరుగా పని చేస్తున్నాను. భారీగా గురక పెట్టేవారు నా చేతుల మీదుగా వందల మంది వెళ్లారు. ముందే తెలిసి వచ్చినవారి విషయంలో నాకు కంగారు పడవలసిన అవసరం దాదాపు రాలేదు. నాకు చెమటలు పట్టించినవారంతా చెప్పకుండా వచ్చినవారే. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీరంతా భయపడుతున్నది ఆపరేషన్ గదిలో గడిచే గంట, రెండు గంటల గురించి. నా భయం ఆ తర్వాత వార్డులో గడిచే రాత్రి గురించి.

ఎందుకో చెప్పాలంటే గొంతు దగ్గర మొదలుపెట్టాలి.

మెడ ముందు భాగాన్ని వేళ్లతో తడిమి చూడండి. గట్టిగా, మెట్లు మెట్లుగా తగిలేది శ్వాసనాళం. గుర్రపు నాడా ఆకారంలో ఉండే మృదులాస్థి వలయాలు దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచుతాయి. దానికి పైన, ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతుకు ఆ భాగ్యం లేదు. మింగాలన్నా మాట్లాడాలన్నా ఆ భాగం ముడుచుకోవాలి, సాగాలి, రూపం మార్చుకోవాలి. అందుకని అది మెత్తటి గోడలతోనే ఉంటుంది. ఆ గోడలు కూలకుండా నిలబెట్టేవి కండరాలు. నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరం వాటిలో పెద్దది. మెలకువగా ఉన్నంతసేపు మనకు తెలియకుండానే అవి బిగువుగా ఉంటాయి.

నిద్ర పట్టగానే ఆ బిగువు సడలుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక మొదలు వెనక్కి జారుతుంది. మెత్తని అంగిలి, కొండనాలుక కూడా దాని వెంటే వెళతాయి. దారి ఇరుకవుతుంది, గాలి వేగం పెరుగుతుంది, గోడలు రెపరెపలాడతాయి. అదే గురక. ఇంకా ఇరుకైతే, ఊపిరి పీల్చే బలానికి ఆ గోడలే ఒకదానికొకటి అతుక్కుంటాయి. పల్చటి గొట్టంతో చిక్కటి పానీయాన్ని బలంగా పీలిస్తే గొట్టమే అణిగిపోతుంది చూడండి, అలా. అప్పుడు గురక టక్కున ఆగుతుంది. పక్కన పడుకున్నవారు ‘అమ్మయ్య’ అనుకునేది సరిగ్గా ఆ క్షణంలోనే. గురక చప్పుడు కన్నా, మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దమే ప్రమాదం. ఆ సమయంలో దుప్పటి తీసి చూస్తే పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతూ, తక్కెడలా ఊగుతూ కనిపిస్తాయి. అంటే మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉన్నాడు, గాలి మాత్రం లోపలికి వెళ్లడం లేదు.

అలా 10 సెకన్లు లేదా అంతకు మించి ఆగితే ఒక అప్నియా కింద లెక్క. పూర్తిగా ఆగకుండా, గాలి బాగా తగ్గి ఆక్సిజన్ పడిపోయినా లెక్కలోకి వస్తుంది. గంటకు సగటున 5 నుంచి 15 సార్లయితే స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 30 అంటే రాత్రంతా రెండు నిమిషాలకు ఒకసారి. విచిత్రం ఏమిటంటే ఆ మనిషికి ఇవేవీ గుర్తుండవు. ‘నాకు నిద్రకేం కొదవ లేదు డాక్టరుగారూ, ఎక్కడ కూర్చుంటే అక్కడే పడుతుంది’ అని గొప్పగా చెప్పినవారు నాకు ఎంతోమంది తెలుసు. కూర్చున్న చోటల్లా నిద్ర పట్టిందంటే రాత్రి నిద్ర నిద్ర కాదన్నమాట.

మరి రోజూ రాత్రి ఇన్నిసార్లు ఊపిరి ఆగితే మనిషి ఎలా బతుకుతున్నాడు? మెదడు కాపాడుతుంది. ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడు ఒక్క క్షణం మేలుకుంటుంది. కండరాలు బిగుసుకుని గొంతు తెరుచుకుంటుంది. అమ్మగారు చెప్పిన ఆ ఉలికిపాటు ఇదే. చూడటానికి భయంగా ఉన్నా, ప్రతిసారీ ప్రాణం కాపాడుతున్నది ఆ ఉలికిపాటే.

ఇప్పుడు మత్తు దగ్గరికి వద్దాం. రోగులతో ‘నిద్రపుచ్చుతాము’ అంటాము కానీ, ఆ మాట నాకు పెద్దగా నచ్చదు. నిద్రలో ఉన్నవారిని ఊపిరాడకపోవడం లేపుతుంది. మత్తులో ఉన్నవారిని లేపదు. మత్తుమందు గొంతు కండరాల బిగువును నిద్ర కన్నా ఎక్కువగా సడలిస్తుంది, పైగా ఆ ఉలికిపాటును కూడా తీసేస్తుంది. ఆ ఉలికిపాటు చేయవలసిన పనిని ఆ కాసేపు మరొకరు చేయాలి. మా ఉద్యోగంలో సగం అదే.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ప్రొపోఫాల్ అనే మత్తుమందు తెల్లగా పాలలా నరంలోకి వెళుతుంది. అర నిమిషంలోపే కళ్లు మూతపడతాయి. ముఖం మీద మాస్కు అదిమి, చేతిలోని గాలిసంచి నొక్కుతాను. గురక మనిషి అయితే సంచి గట్టిగా ఎదురు తిరుగుతుంది, ఛాతీ లేవదు. అప్పుడు తలను కాస్త వెనక్కి వంచి, రెండు చెవుల కింద దవడ మూలల్లో వేళ్లు పెట్టి, కింది దవడను పైకి, ముందుకు ఎత్తుతాను. కింది పళ్లు పై పళ్లను దాటి ముందుకు వస్తాయి. దవడతో పాటు నాలుక లేస్తుంది. సంచి చేతిలో మెత్తబడుతుంది, మాస్కు లోపల ఆవిరి పడుతుంది, ఛాతీ లేస్తుంది. ఎన్ని యంత్రాలు వచ్చినా నాకు ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైనవి ఆ వేళ్లే. అవి చాలకపోతే నాలుక వెనకకు వెళ్లే వంపు గొట్టాలు ఉన్నాయి, ఇతర సాధనాలు ఉన్నాయి. కానీ అవన్నీ సిద్ధంగా పక్కన ఉండాలంటే, ఎదురుగా ఉన్నది ఎలాంటి గొంతో ముందే తెలియాలి కదా.

తెలిస్తే తయారీ మారుతుంది. మత్తుకు ముందు కనీసం 3 నిమిషాలు ఆక్సిజన్ పీల్పిస్తాము. తల, భుజాల కింద ఎత్తు పెట్టి, చెవి రంధ్రం ఛాతీ ఎముక పై అంచుతో ఒకే వరుసలోకి వచ్చేలా పడుకోబెడతాము. పొట్ట పెద్దగా ఉన్నవారిలో ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ, అది చాలా త్వరగా ఖర్చయిపోతుంది. అందుకే ఈ తయారీ. మత్తు ఇచ్చాక ఊపిరి కోసం నోటి గుండా ఒక ట్యూబు వేస్తాము. అది స్వరపేటిక దాటి శ్వాసనాళంలోకి వెళ్లాక గురక గొంతు అయినా, మామూలు గొంతు అయినా ఒకటే. ఆపరేషన్ జరిగినంతసేపూ నాన్నగారు ఇంట్లో కన్నా క్షేమంగా ఊపిరి తీసుకుంటారు. చిక్కంతా ట్యూబు వేసే ముందు కొద్ది నిమిషాలు, తీసిన తర్వాత కొన్ని గంటలు.

ఇంతకీ ముందు రోజు మేము నోరు తెరిచి నాలుక చాపమనేది కూడా ఇందుకే. కొండనాలుక, దాని వెనక గోడ ఎంతవరకు కనిపిస్తున్నాయో చూసి రాసుకుంటాము. ప్రపంచంలో ఎక్కడి మత్తు డాక్టరైనా ఈ పరీక్షను మల్లంపాటి అనే పిలుస్తాడు. 1985లో దాన్ని ప్రచురించిన శేషగిరిరావు మల్లంపాటి తెలుగువారు. రోజుకు పదిసార్లు రాసే పేరు అయినా, రాసినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. అయితే ఈ పరీక్ష ఒక్కదానితో ఏదీ తేలదు. మెడ లావు, దవడ వెనక్కి ఉండటం, నోరు ఎంత తెరుచుకుంటుంది, మెడ ఎంత వంగుతుంది, అన్నీ కలిపి చూడాలి. అన్నీ బాగుండి కూడా గొంతు మూసుకుపోయేవారు ఉంటారు. అక్కడే పక్కన పడుకునేవారి సాక్ష్యం కావాలి.

ఇక రాత్రి సంగతి. నేను పనిలో చేరిన తొలి సంవత్సరాల్లో జరిగింది. యాభై దాటిన మనిషికి హెర్నియా ఆపరేషన్. గురక ఉందా అని అడిగితే ‘అందరికీ ఉండేదే’ అన్నారు. నేనూ అంతటితో వదిలేశాను. ఆ తప్పు నాదే. ఆపరేషన్ సాఫీగా జరిగింది. సాయంత్రం నొప్పి ఎక్కువగా ఉందంటే మార్ఫిన్ జాతి ఇంజెక్షన్ ఇచ్చారు, రాత్రి ఇంకొకటి. పదకొండు గంటల ప్రాంతంలో వేరే రోగి కోసం అదే వార్డుకు వెళ్లాను. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ కొలిచే మీటరు 97 చూపిస్తోంది. పెద్దగా గురక. ‘ఇప్పుడే హాయిగా నిద్ర పట్టింది, లేపకండి’ అన్నాడు కొడుకు. అంతలో గురక ఆగింది. నేను మనసులో లెక్కపెట్టాను. 20 దాటింది, 30 దాటింది. పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. భుజం పట్టి కుదిపితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూశారు. మంచం తల వైపుకు వెళ్లి దవడ ఎత్తితే, బావిలోంచి వచ్చినట్టు ఒక పెద్ద ఊపిరి. రక్త పరీక్షలో కార్బన్ డయాక్సైడ్ ఉండవలసిన దానికి రెట్టింపు దగ్గరగా ఉంది. మార్ఫిన్ ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ కొద్దికొద్దిగా ఇచ్చి, కూర్చోబెట్టి, ఐసీయూకు మార్చాము. తెల్లవారేసరికి మామూలు మనిషయ్యారు. పొద్దున ఆయన భార్య వచ్చి, ‘ఇంట్లోనూ ఇంతే కదండీ, ఎన్నో ఏళ్లుగా నేను తట్టి లేపుతూనే ఉన్నాను’ అన్నారు. ఆ మాట ముందు రోజు నా చెవిన పడి ఉంటే!

ఆ 97 అంకె నన్నే కాసేపు తికమక పెట్టింది. ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉన్నప్పుడు వేలి మీటరు మంచి అంకె చూపిస్తున్నంత మాత్రాన ఊపిరి సరిగ్గా ఆడుతున్నట్టు కాదు. అదనంగా ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు, లోపలికి పోయే గాలి సగానికి తగ్గినా ఆ అంకె నిలబడే ఉంటుంది. బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ మాత్రం పేరుకుపోతుంది, అది ఒక స్థాయి దాటితే అదే మత్తులా పని చేస్తుంది. మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ వంటి నొప్పి మందులు ఊపిరి తీయాలన్న మెదడు ప్రేరణను తగ్గిస్తాయి. ఇందాక చెప్పిన ఉలికిపాటును కూడా అణచివేస్తాయి. వాటికి నిద్రమాత్ర తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

అలాగని నాన్నగారు నొప్పి భరించాలని కాదు. పారాసెటమాల్ వేళ తప్పకుండా ఇవ్వడం, మూత్రపిండాలు, కడుపు బాగుంటే వాపు తగ్గించే నొప్పి మందులు, కోత పెట్టిన చోట తిమ్మిరి మందు ఎక్కించడం, ఈ మూడింటితోనే లాప్రోస్కోపీ నొప్పి చాలావరకు అదుపులో ఉంటుంది. అప్పటికీ మార్ఫిన్ జాతి మందు అవసరమైతే తక్కువ మోతాదులో, కాపలా ఉన్న మంచం మీద ఇస్తాము. ట్యూబు కూడా కళ్లు తెరిచి, చెప్పిన మాట విని, కండరాలు సడలించిన మందు పూర్తిగా విరిగిందని యంత్రంతో చూసుకున్నాకే, తల ఎత్తులో ఉంచి తీస్తాము. రికవరీ గదిలో మామూలు కన్నా ఎక్కువసేపు ఉంచుతాము. చూశారా, గురక సంగతి చెప్పినందుకు మారేవి ఇవే. ఆపరేషన్ తేదీ సాధారణంగా మారదు. బీపీ, గుండె జబ్బు అదుపులో లేకపోయినా, మెలకువలోనే ఆక్సిజన్ తక్కువగా ఉన్నా వాయిదా వేయవచ్చు, అలాంటప్పుడు వేయాలి కూడా. నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. ఫ్రాన్సెస్ చంగ్ అనే మత్తు డాక్టరు, ఆమె బృందం టొరంటోలో తయారుచేసి 2008లో ప్రచురించిన ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది. స్టాప్-బ్యాంగ్ అంటారు. పెద్ద గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, పురుషుడు కావడం. ‘అవును’ అన్న ప్రతిదానికీ ఒక మార్కు. 2 వరకు భయం తక్కువ, 3, 4 మధ్యరకం, 5 నుంచి ఎక్కువ. మీరు రాసిన నాలుగు ముక్కలతోనే నాన్నగారికి 4 వచ్చాయి. బీపీ ఉందో లేదో, పగలు కునుకుపాట్లు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఆ రెండిట్లో ఒకటి ఉన్నా 5. మీరు వెళ్లేటప్పుడు ఈ మార్కుతో పాటు ఫోనులో తీసిన రెండు నిమిషాల వీడియో పట్టుకెళ్లండి. గురక ఆగి మళ్లీ మొదలయ్యేదాకా, ఛాతీ కనిపించేలా తీయాలి. మాటల్లో ఎంత చెప్పినా నమ్మని రోగులు కూడా తమ వీడియో చూసి నోరు మూసుకున్నారు.

నెల రోజులు చేతిలో ఉన్నాయి కాబట్టి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో కొలిచే పరీక్ష, గురించి కూడా అడగండి. తీవ్రంగా ఉందని తేలితే సీప్యాప్ యంత్రం వాడమంటారు. ముక్కు మీద మాస్కు పెట్టి, గాలిని ఒత్తిడితో పంపి, గొంతు గోడలను లోపలి నుంచి తెరిచి ఉంచే పని అది. 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సలివన్ అనే డాక్టరు ఈ పద్ధతిని ప్రచురించకముందు, తీవ్రమైన జబ్బుకు గట్టి మందు అంటే మెడకు రంధ్రం చేయడమే! మొదటి వారం అందరూ విసుక్కుంటారు, కాబట్టి ఆపరేషన్‌కు రెండు, మూడు వారాల ముందే అలవాటు పడితే మేలు. యంత్రం ఉంటే ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి, మాస్కుతో సహా. ఇంట్లో వదిలేసి వచ్చేవారే ఎక్కువ.

మీరు అడగని రెండు విషయాలు కూడా చెబుతాను, ఎందుకంటే తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు. వెన్నులో ఇంజెక్షన్‌తో చేయకూడదా అంటే, కాలు, చేయి ఆపరేషన్లకు ఆ భాగం వరకే తిమ్మిరెక్కించే మార్గం దొరికితే నేను అదే ఎంచుకుంటాను. లాప్రోస్కోపీలో పొట్ట నిండా గ్యాసు నింపుతారు, అది ఊపిరితిత్తులను కింది నుంచి నెడుతుంది కాబట్టి ట్యూబుతో పూర్తి మత్తే మంచిది. వెన్ను ఇంజెక్షన్ ఇచ్చాక ‘భయంగా ఉంది, కాస్త నిద్రకు కూడా ఇవ్వండి’ అని అడిగితే, మళ్లీ మొదటికి వచ్చినట్టే. ఎండోస్కోపీకి, పళ్లకు ఇచ్చే ‘చిన్న మత్తు’ కూడా అంతే. గాలి దారిలో ట్యూబు లేని ఆ చిన్న మత్తే గురక ఉన్నవారి విషయంలో నన్ను ఎక్కువ జాగ్రత్తగా ఉంచుతుంది.

రెండోది పిల్లలు. చిన్నపిల్లల్లో గురకకు ఎక్కువగా కారణం టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరగడం. అవి తీసేసిన రాత్రే గొంతు వెంటనే బాగుపడదు, వాపు ఉంటుంది. కోడీన్ అనే నొప్పి మందును శరీరంలో అతి వేగంగా మార్ఫిన్‌గా మార్చుకునే పిల్లలు కొందరుంటారు. అలాంటి మరణాలు బయటపడ్డాకే 2013లో అమెరికా ఔషధ సంస్థ టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పిల్లలకు కోడీన్ ఇవ్వకూడదని హెచ్చరించింది. పెద్దలు వాడగా ఇంట్లో మిగిలిన నొప్పి మందు సగం చేసి వేయడం వంటివి చేయకండి.

ఇంటికి వచ్చాక జాగ్రత్త మొదటి రాత్రితో అయిపోదు. ఆపరేషన్ తర్వాత ఒకటి, రెండు రాత్రులు కలల నిద్ర బాగా తగ్గిపోతుంది. ఆ బాకీని శరీరం మూడో రాత్రి ప్రాంతంలో ఒకేసారి తీర్చుకుంటుంది. గొంతు కండరాలు బాగా సడలేది కలల నిద్రలోనే. కాబట్టి ఓ వారం పాటు పక్కకు తిరిగి గాని, తల, వీపు ఎత్తుగా పెట్టుకుని గాని పడుకోవాలి. మద్యం వద్దు, నిద్రమాత్ర వద్దు. జలుబుకు వేసుకునే మత్తెక్కించే మాత్రలు కూడా డాక్టరును అడిగే వేసుకోవాలి. సీప్యాప్ ఉంటే పగటి కునుకుకు కూడా పెట్టుకోవాలి.

ఆసుపత్రిలో రాత్రి తోడు ఎవరు ఉండాలని మీ ఇంట్లో చర్చ జరిగితే, వీలైతే అమ్మగారిని ఉంచండి. మీ నాన్నగారి మామూలు గురక ఏదో, మామూలు కానిది ఏదో ఆమె చెవికి తెలుసు. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి మాట్లాడితే సరే. పలకకపోతే, పలికినా వెంటనే జారుకుంటే, నిశ్శబ్దం పది లెక్కపెట్టినా తెగకపోతే, అంకె 97 ఉన్నా సరే నర్సును పిలవాలి. ఆమె వచ్చేలోపు గట్టిగా కుదిపి లేపాలి. దవడ ఎలా ఎత్తాలో వీలుంటే ముందు రోజు మత్తు డాక్టరునే చూపించమనండి. అడిగితే ఎవరూ కాదనరు, నేనైతే సంతోషంగా నా దవడ మీదే చూపిస్తాను.